బరువు రాయండి, గంట రాయండి, ఆపిందెవరో రాయండి

సంపాదకులకు,

మన పత్రికల ఆటల పేజీల్లో బ్రెజిలియన్ జియు-జిట్సు మాట, అంటే నేల మీద పట్టులు పట్టి ఎదుటివాణ్ణి లొంగదీసే ఆట మాట, ఎప్పుడో గాని రాదు. వస్తే మాత్రం ఒకటే వరస: పిట్ట కొంచెం, కూత ఘనం. బక్కవాడు కొండంత మల్లుణ్ణి చిత్తు చేశాడంటారు. ఆ ముక్కే కత్తిరించి ఆత్మరక్షణ క్లాసులవాళ్లు "బరువుతో పనిలేదు" అని గోడకు అంటిస్తారు. పంతం పట్టి ఆడిన పెద్ద పోటీల్లో ఏ ఒక్కటీ అంత తేలిగ్గా తేలలేదు.

అన్నిటికన్నా పేరుపడ్డది 1951 అక్టోబరు 23న రియోలోని మారకానా స్టేడియంలో జపాన్ జూడో మల్లుడు మసాహికో కిమురాకు, ఈ బ్రెజిల్ విద్యను పెంచిన గ్రేసీ కుటుంబంలోని హీలియో గ్రేసీకి మధ్య జరిగింది. అంతకు కొన్ని వారాల ముందే కిమురాతో వచ్చిన జూడో ఆటగాడు కాటోను హీలియో సావోపౌలోలో గొంతు బిగించి ఓడించాడు. పంతం అక్కడ ముదిరింది. షరతు ఇది: ఎత్తి పడేస్తే గెలుపు కాదు, అదిమిపట్టినా కాదు, ఎదుటివాడు ఓటమి ఒప్పుకొని లొంగాలి. రెండో రౌండులో కిమురా హీలియో మణికట్టు పట్టుకున్నాడు. రెండో చేతిని అతని మోచేతి పైభాగం చుట్టూ పోనిచ్చి, తన మణికట్టునే తాను పట్టి ముడివేశాడు. వంచిన ఆ చేతిని వీపు వైపు తిప్పాడు. ఈ పట్టులో బలమంతా భుజం మీదా మోచేతి మీదా పడుతుంది. చెయ్యి విరిగినా హీలియో లొంగలేదు. అన్న కార్లోస్ ఓటమి ఒప్పుకొంటూ తువ్వాలు విసిరి ఆట ఆపించాడు. జూడోలో ఉడెగరామి అనే ఆ పట్టును ఓడినవాళ్ల విద్యలో నేటికీ "కిమురా" అనే పిలుస్తారు. అది వాళ్ల పెద్దరికమే.

ఇక బరువు సంగతి. గ్రేసీల వైపు కథలో హీలియో అరవై చిల్లర కిలోల బక్కమనిషి. కిమురా తన ఆత్మకథలో హీలియో గురించి రాసింది మాత్రం 180 సెంటీమీటర్ల ఎత్తు, 80 కిలోల బరువు. ఒకే మనిషికి రెండు లెక్కలు! తూకం వేసి ఆనాడే అచ్చువేసి ఉంటే ఈ తగువు ఉండేది కాదు.

గంట, అంటే ఆటకు పెట్టిన సమయం, కూడా అంతే ముఖ్యం. 2004 జియు-జిట్సు ప్రపంచ పోటీల్లో బరువు విభాగాలు లేని ఓపెన్ ఫైనల్లో బ్రెజిల్ ఆటగాడు జకారే పాయింట్లలో ముందున్నాడు. రోజర్ గ్రేసీ చేతిపట్టు వేసి అతని చెయ్యి విరిచాడు. జకారే లొంగలేదు, ఆ చేతిని నడుం పట్టీలో దోపుకొని సమయం అయ్యేదాకా తప్పించుకు తిరిగి గెలిచాడు. బ్లాక్ బెల్టులకు ఆట పది నిమిషాలే. గంట లేకపోతే ఆ ఫలితం నిలిచేదా?

ఆపేదెవరన్నది ఇంకా పెద్ద చిక్కు. 1999 నవంబరులో టోక్యోలో జపాన్ మల్లుడు సకురాబా ఇదే కిమురా పట్టులో హీలియో కొడుకు రాయ్లర్ గ్రేసీని బిగించాడు. రాయ్లర్ లొంగలేదు. గంట మోగడానికి రెండు నిమిషాల లోపే ఉండగా రిఫరీ ఆపేశాడు. గ్రేసీలు మండిపడ్డారు. మరుసటి మే 1న రాయ్లర్ తమ్ముడు రాయిస్ గ్రేసీ అదే సకురాబాతో దిగినప్పుడు వాళ్లు అడిగి పెట్టించుకున్న షరతులు ఇవి: 15 నిమిషాల రౌండ్లు ఎన్నయినా, న్యాయనిర్ణేతలు వద్దు, రిఫరీ మధ్యలో ఆపకూడదు. ఆరు రౌండ్లు, 90 నిమిషాలు నడిచాయి. కాళ్ల మీద పడ్డ తన్నులకు రాయిస్ నిలబడలేని స్థితికొస్తే, చివరికి తువ్వాలు వేసింది గ్రేసీల మూలలో నిలబడ్డ సొంతవాళ్లే.

రాయిస్‌కే 1998లో రియోలోని కోపకబానా బీచ్‌లో జియు-జిట్సు ఆటగాడు వాలిద్ ఇస్మాయిల్ చేతిలో ఇంకోలా జరిగింది. మోకాళ్ల మీద ముడుచుకున్న రాయిస్ కాలరును మెడ కింద నుంచి పట్టి, వాలిద్ అతని తల చుట్టూ గడియారం ముల్లులా నడిచాడు. మెడకు రెండువైపులా రక్తనాళాలు నొక్కుకుపోతే పది సెకన్ల అటూ ఇటూగా స్పృహ పోతుంది. రాయిస్ లొంగలేదు, స్పృహ తప్పాడు. అయిదు నిమిషాల్లోపే ముగిసింది. ఇక్కడ గి, అంటే ఆటలో తొడిగే మందపాటి చొక్కా, దాని కాలరే ఆయుధం. గి లేకుండా ఆడితే ఆ పట్టే లేదు. కాబట్టి దుస్తులేమిటో కూడా రాయాలి.

2004 చివరి రోజున ఒసాకాలో రాయిస్, రెండు వందల కిలోలు దాటిన మాజీ సుమో యొకొజునా (అన్నిటికన్నా పై హోదా మల్లుడు) అకెబోనోను రెండు నిమిషాల చిల్లరలో లొంగదీశాడు. పోస్టర్లకు ఎక్కాల్సింది ఇదేనంటారు. నేల మీద పట్టులు పట్టడం అకెబోనో వృత్తే కాదని పోస్టరు చెప్పదు. సుమోలో పాదాలు తప్ప ఒళ్లు నేలకు తగిలితే ఓటమే. ఎదుటివాడికీ ఆ విద్య వచ్చినప్పుడు బరువు మాట తప్పదు. అందుకే గి పోటీల్లో పెద్దల మగవారి విభాగాలు 57.5 కిలోల నుంచి 100.5 దాకా ఎనిమిది, ఆపైన ఇంకొకటి.

మీ విలేఖరులను అడిగేది ఒకటిన్నర పంక్తి. జిల్లాల్లో జరిగే పిల్లల పోటీలకైనా సరే, ఇలా వేయండి: "కిమురా–హీలియో, మారకానా, 23-10-1951. గి తోనే. లొంగితేనే గెలుపు. రెండో రౌండు, ఉడెగరామి. ఆపింది: అన్న విసిరిన తువ్వాలు. హీలియో బరువు: ఇరుపక్షాలవి వేర్వేరు లెక్కలు."

— ఒక జియు-జిట్సు శిక్షకుడు, విశాఖపట్నం