వూజెన్ నుంచి వచ్చాక

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

నేను బాగున్నాను. ఇక్కడ చలి తగ్గింది. మొన్న సెలవుల్లో ఇక్కడే చైనాలో వూజెన్ అనే పాత ఊరు చూసొచ్చాను. హాంగ్జౌ నుంచి టోంగ్‌షియాంగ్ దాకా హైస్పీడ్ రైలు, అక్కణ్ణించి బస్సు. బీజింగ్ నుంచి హాంగ్జౌ వరకు దాదాపు 1,800 కిలోమీటర్లు సాగే మహా కాలవ ఈ ఊరిని ఆనుకునే పోతుంది. ఊళ్లోనూ ఎటు చూసినా కాలవలే. ఇళ్లు సగం గట్టు మీద, సగం నీళ్లలో పాతిన స్తంభాల మీద ఉంటాయి.

ఊరి పడమటి భాగాన్ని బాగుచేసి 2007లో చూడవచ్చేవాళ్లకి తెరిచారు. పాత చెక్క, పాత రాయి చెడకుండా నిలబెట్టి, వైర్లు, పైపులు అన్నీ నేలలోకి దించేశారు. ఆ పనితనానికి దండం పెట్టాలి. కానీ అక్కడి కుటుంబాలను ముందే వేరేచోటికి పంపేశారట. కొందరు మాత్రం తిరిగొచ్చి, వచ్చినవాళ్లకి గదులు, భోజనాలు చూసుకుంటున్నారు. రాత్రి దీపాలు పెట్టాక ఎంత అందంగా ఉందో! అయినా నాకు 2001లో తెరిచిన తూర్పు వైపే నచ్చింది. మావో డున్ అనే పెద్ద రచయిత పుట్టిల్లు అక్కడే ఉంది. ఇంకా ఊరివాళ్లు కాపురం ఉంటున్నారు. జనం అటూ ఇటూ తిరుగుతుంటే ఒక ముసలావిడ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లు ఒలుచుకుంటోంది.

మీకు చెప్పాలనుకున్నది అద్దకం సంగతి. ఇక్కడ నీలిమందు గుడ్డలు చేస్తారు. నూనె పట్టించిన మందపాటి కాగితంలో పువ్వులు కత్తిరించి, గుడ్డ మీద పరిచి, సోయా పిండి, సున్నం కలిపిన ముద్ద పూస్తారు. ఆరాక నీలి తొట్టిలో మళ్లీ మళ్లీ ముంచుతారు. బయటికి తీసినప్పుడు పచ్చగా ఉండి, గాలి తగిలేకొద్దీ నీలంగా మారుతుంది. చివర్లో ముద్ద గీకేస్తే తెల్ల పువ్వులు తేలతాయి. మన పెడనలో కరక్కాయ నీళ్లలో నానబెట్టి, అచ్చుతో పటిక అద్దుతాం, పటిక ఉన్నచోటే రంగు పడుతుంది కదా. వీళ్లకి ముద్ద ఉన్నచోట రంగు పట్టదు. పెద్ద వెదురు వాసాల మీంచి ఆ గుడ్డలు బారులుగా వేలాడుతుంటే, కాలవలో జాడించిన గుడ్డలు మీరు గట్టున ఆరేయడం గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

మన అద్దకం షెడ్డు అమ్మేద్దామని చూస్తున్నారని అమ్మ ఫోన్లో చెప్పింది. తొందరపడకండి నాన్నగారూ. ఇల్లు పడిపోయినా మళ్లీ కట్టొచ్చని అక్కడ చూశాను. కానీ పనివాళ్లు చెదిరిపోయాక వాళ్లని ఎక్కణ్ణించి తెస్తాం? బాబాయి కొడుకు అచ్చులు చెక్కడం నేర్చుకుంటానన్నాడు కదా, వాణ్ణి మీ దగ్గరే కూర్చోబెట్టండి. ఈ ఏడాదికి కర్రకీ, వాడి జీతానికీ డబ్బు నేను పంపుతాను. ఎంత కావాలో లెక్క వేసి రాయండి.

మీ అమ్మాయి