చెరువు కట్ట మీది రాయిని ముందు చదవండి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

కాకతీయుల పేరు మన ప్రభుత్వాలకు బాగా అచ్చొచ్చిన పేరు. రాష్ట్ర చిహ్నంలో ఓరుగల్లు తోరణం ఉంది. వరంగల్‌లో విశ్వవిద్యాలయానికి ఆ పేరే. 2015లో చెరువుల పూడిక తీయడం మొదలుపెట్టినప్పుడు ఆ పథకానికీ మిషన్ కాకతీయ అనే పేరు పెట్టుకున్నాం. చిహ్నంలో తోరణం ఉండాలా, పోవాలా అని 2024లో ఎంత రచ్చ జరిగిందో మీకు నేను గుర్తుచేయక్కర్లేదు. ఉండాలన్న వాళ్లూ, వద్దన్న వాళ్లూ గొంతు చించుకున్నారు. అదే సమయంలో ఏ ఊళ్లోనో చెరువు కట్టకు రాళ్లు పేరుస్తున్న కూలీలు అక్షరాలున్న రాయిని బోర్లా తిప్పి మట్టిలోకి నెట్టి ఉంటే ఎవరికీ పట్టేది కాదు. నా బాధంతా ఆ రాయి గురించే.

ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పే మాస్టర్ని. చరిత్ర పరిశోధకుణ్ణి కాను. పిల్లలకు పాఠం చెప్పడానికి చదువుకున్నంత మేరకు, ఊళ్లు తిరిగి చూసినంత మేరకు రాస్తున్నాను.

ముందుగా నల్లగొండ జిల్లా చందుపట్ల సంగతి. రుద్రమదేవి ఎప్పుడు చనిపోయిందన్న దాని మీద చాలాకాలం పుస్తకాల్లో వేరే లెక్క ఉండేది. 1295 దాకా పాలించిందని రాసేవారు. ఆ లెక్కను తిరగరాసింది ఓరుగల్లు కోటలో దొరికిన శాసనం కాదు. ఏ ఆస్థాన కవి రాసిన ప్రశస్తీ కాదు. చందుపట్లలో పువ్వుల ముమ్మడి అనే ఒక మామూలు సేవకుడు వేయించిన రాయి. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారనీ, అంటే చనిపోయారనీ, వాళ్ల పుణ్యం కోసం సోమనాథ దేవుడికి భూమి ఇస్తున్నాననీ అందులో చెప్పాడు. తిథి వారాలతో సహా వేయించాడు కాబట్టి అది 1289 నవంబరు అని తేలింది. రాణి, సేనాని ఇద్దరి పేర్లూ ఒకేచోట ఉండటంతో ఆమె యుద్ధరంగంలోనే చనిపోయి ఉంటుందని, సామంతుడైన కాయస్థ అంబదేవుడి తిరుగుబాటును అణచడానికి వెళ్లినప్పుడు అది జరిగి ఉంటుందని చరిత్రకారులు ఊహించారు. మహారాణి మరణవార్త మనదాకా వచ్చింది ఒక బంటు పుణ్యాన! ఆ రాయి ఏ గొడ్ల చావిడికో గడపగా పోయి ఉంటే మన పాఠ్యపుస్తకాల్లో ఈనాటికీ తప్పు సంవత్సరమే ఉండేది.

రాజవంశాల వల్ల ఒక జాతి ఎలా ఎదుగుతుందో చెప్పమంటే మనవాళ్లు యుద్ధాలు చెబుతారు. కాకతీయుల విషయంలో నాకు కనబడేది వేరే. వీళ్లు మొదట రాష్ట్రకూటుల దగ్గర, తర్వాత కల్యాణి చాళుక్యుల దగ్గర సామంతులు. ఆ రోజుల్లో ఈ ప్రాంతపు శాసనాల్లో కన్నడం విరివిగా కనిపిస్తుంది, ఎందుకంటే ఏలికల భాష అది. 1163లో వేయిస్తంభాల గుడి శాసనంతో రుద్రదేవుడు తాను ఎవరికీ లోబడినవాణ్ణి కానని చెప్పుకున్నాక రాళ్ల మీద సంస్కృతంతో పాటు తెలుగు నిలదొక్కుకుంది. గణపతిదేవుడు 1199లో గద్దెనెక్కి ఆరు దశాబ్దాలకు పైగా ఏలాడు. ఆ కాలంలోనే కృష్ణా డెల్టా, దివిసీమ ఓరుగల్లు పాలన కిందికి వచ్చాయి. ఎర్ర నేలల మీద చెరువు నీళ్లతో బతికే మెట్ట ప్రాంతం, ఓడలొచ్చే కోస్తా ఒకే గొడుగు కింద చాలాకాలం నిలిచాయి. దివి నాయకుణ్ణి ఓడించిన గణపతిదేవుడు ఆ ఇంటి ఆడపడుచులనే పెళ్లాడి, వాళ్ల తమ్ముడు జాయపను గజసేనకు అధిపతిని చేశాడు. ఆ జాయప సేనాని సంస్కృతంలో నాట్యశాస్త్ర గ్రంథం రాశాడు. కత్తితో మొదలైన పని వియ్యంతో, కొలువుతో, కళతో ముగిసిందన్నమాట. ఒకే భాష మాట్లాడేవాళ్లం ఒకే రాజ్యంలో ఉన్నామన్న భావం తెలుగువాళ్లకు స్థిరపడింది ఈ రోజుల్లోనే అని నా నమ్మకం.

మోటుపల్లి ఓడరేవు శాసనం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అది ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, మీ పరిధి కాదు. కానీ వేయించినవాడు మన గణపతిదేవుడే. 1244 ప్రాంతంలో వేయించిన ఆ అభయ శాసనంలో ఏముంది? పూర్వం రాజులు తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలవంతంగా లాక్కునేవారు. మేము అలా చేయం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వర్తకులకే వదిలేస్తాం అని ఉంది. ఎగుమతి, దిగుమతులకు ముప్ఫయ్యో వంతు సుంకం. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, పగడాలు, మిరియాలు, ఒక్కొక్క సరుకు పేరూ పెట్టి మరీ రాశారు. అంటే సముద్రంలో సర్వం పోగొట్టుకుని ఒడ్డున పడ్డ పరదేశి వర్తకుడికి ఈ దేశంలో ఒక నియమం ఉందని రాతపూర్వకంగా హామీ ఇవ్వడం. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల చేతికి పోయింది, ప్రతాపరుద్రుడితో వంశపాలన ముగిసింది. ఆ తర్వాత 1358లో కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అలాంటి అభయమే ఇస్తూ శాసనం వేయించాడు. రాజులు మారారు, కులం మారింది, రాజధాని మారింది. రేవులో మాట మాత్రం మారలేదు. మా పిల్లలకు నేను నూరిపోసేది ఇదే.

ఇక రాజుల కింద ఉన్నవాళ్ల సంగతి. మహాదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలో చనిపోయి, కొడుకు గణపతిదేవుడు వాళ్ల చేతికి చిక్కినప్పుడు రాజ్యం చెదిరిపోకుండా కాచింది సేనాని రేచర్ల రుద్రుడు. పాలంపేటలో 1213లో రామప్ప గుడి కట్టించిందీ అతనే. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం తండోపతండాలుగా వస్తున్నారు, సంతోషం. మదనికల, అంటే రాతిలో చెక్కిన నర్తకి బొమ్మల ముందు ఫొటోలు దిగుతున్నారు. ఆవరణలో చిన్న మండపం కింద నిలబెట్టిన శాసనం దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. ఆగినా అందులో ఏముందో ఎవరు చెప్పాలి? గుడితో పాటే వెలసిన రామప్ప చెరువు కింద ఇవాళ్టికీ నాట్లు పడుతున్నాయి. పాకాల, లక్నవరం కూడా అంతే.

గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ బయ్యారంలో ధర్మకీర్తి సముద్రం అనే చెరువు తవ్వించి శాసనం వేయించింది. అసలు కాకతీయుల పూర్వీకులు ఎవరో, ఏ వరసలో వచ్చారో తెలుసుకోవడానికి చరిత్రకారులకు దొరికిన గట్టి ఆధారాల్లో ఆ చెరువు శాసనం ఒకటి. ఇంటి వంశవృక్షాన్ని ఆడపడుచు చెరువు దగ్గర భద్రం చేసిందన్నమాట. ఇంకా కిందికి వెళ్తే అఖండ దీపాల శాసనాలున్నాయి. ఎవరో ఒకరు గుడిలో ఆరని దీపానికని 25 ఆవులో 50 గొర్రెలో ఇస్తారు. వాటిని మేపే బోయడు రోజూ మానెడు నెయ్యి గుడికి పోయాలి. ఆ బోయడి పేరు కూడా రాతి మీద చెక్కి ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఒక గొర్లకాపరి పేరు మనకు తెలియడానికి ఈ దేశంలో ఇంకో దారి ఉందా?

చెరువు తవ్వించినవాడికీ, తెగిన కట్టను బాగుచేసినవాడికీ దాని కింద సాగయ్యే భూమిలోనో పంటలోనో వాటా దక్కేది. దశబంధం అనేవారు. రాజు ఒక్కడే అన్ని చెరువులూ తవ్వించాలంటే ఖజానా ఏమూలకు? సేనానులు, నాయకులు, వర్తకులు, రాణివాసపు స్త్రీలు ఎవరికి తోచినంత వాళ్లు తవ్వించారు. ఈ ఏర్పాటు ఉండబట్టే వంశం పోయినా చెరువులు పోలేదు.

ఇదంతా చెప్పి స్వర్ణయుగం అని పాట పాడుతున్నానని అనుకోవద్దు. సామాన్యుడి మీద పన్నుల బరువు ఉండేది, యుద్ధాల్లో ఊళ్లు తగలబడేవి, సామంతులు తిరగబడేవారు. వేదికలెక్కితే కోహినూరు మనదే, కాకతీయులదే అనే మాట తప్పక వస్తుంది. దానికి గట్టి ఆధారం లేదు. పోనీ మనదే అనుకున్నా, ఒక వజ్రం వల్ల ఎవరి పొలం తడిసింది? ఇంకో తగువు కులానిది. కాకతీయులు మావాళ్లంటే మావాళ్లని ఇవాళ ఎన్ని సంఘాలో! వాళ్ల శాసనాల్లో ఎక్కువ భాగం కులం ఊసే ఎత్తవు. ఎత్తిన చోట్ల కొన్ని వాళ్లను నాలుగో వర్ణం వాళ్లని చెబుతాయి, కొన్ని సూర్యవంశ క్షత్రియులంటాయి. రాయి దగ్గరికి వెళ్లి చదువుకుంటే ఈ గొడవ సగం తగ్గుతుంది.

చెరువుల శాస్త్రం తెలుసుకోవాలంటే కడప జిల్లా పోరుమామిళ్లకు వెళ్లాలి. విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన శాసనం అక్కడుంది. వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క చెప్పి ఊరుకోలేదు. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలూ, ఉండకూడని 6 దోషాలూ వరసగా చెప్పాడు. తీపి నీళ్ల ఏరు ఉండాలి, గట్టి నేల ఉండాలి, దగ్గర్లోనే రాతి గని ఉండాలి, పని తెలిసిన మనుషులుండాలి. దోషాల్లో కట్టలోంచి నీళ్లు ఊరడం, చవిటి నేల, చెరువు మధ్యలో తాబేటి వీపులా మెరక ఉండటం, కొంచెం నీళ్లకు ఎక్కువ ఆయకట్టు పెట్టుకోవడం. ఇంకో దోషం ఏమిటో తెలుసా అండీ? రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం! కృష్ణా జలాల పంచాయతీలో కూర్చునే ఇంజినీర్లందరి చేతా ఒకసారి ఈ శ్లోకాలు చదివించాలి.

ఇప్పుడు అసలు విన్నపానికి వస్తాను. రక్షిత కట్టడాల జాబితాలో ఉన్నవాటికి కనీసం ఒక నీలిరంగు బోర్డయినా ఉంది. ఆ జాబితాకు బయట పొలం గట్ల మీద, బొడ్రాయి పక్కన, పాడుబడ్డ గుడి ముందు, మత్తడి పక్కన నిలబడ్డ శాసనాలకు దిక్కు లేదు. మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువులు బాగుచేయాలని సంకల్పించారు. ఎన్నో ఊళ్లకు మేలు జరిగింది, పూడిక మట్టి పొలాలకు తోలుకున్న రైతులు మా బడి పిల్లల తల్లిదండ్రులే. కానీ ఆ అంచనాల్లో తూముకూ, కట్టకూ, మత్తడికీ పద్దు ఉంది, శాసనానికి లేదు. మాకు తెలిసిన ఒక చెరువు దగ్గర అక్షరాలున్న రాయి కట్టకు పేర్చే రాళ్ల వరసలో, అదే రివిట్‌మెంట్‌లో, కలిసిపోయింది. అడిగితే సంబంధిత అధికారి, 'ఎస్టిమేట్‌లో లేదు మాస్టారూ' అన్నారు. ఆయన తప్పేమీ లేదు, నిజంగానే లేదు. గుళ్లలో ఇంకో రకం నష్టం. జీర్ణోద్ధరణ అంటూ ఇసుకను ఒత్తిడితో చిమ్మి గోడలు తోముతారు, అక్షరాల మీద ఎనామిల్ పెయింటు పూస్తారు. చేసేవాళ్లు భక్తితోనే చేస్తారు, అదే చిక్కు.

కాబట్టి చెరువు పనికైనా గుడి పనికైనా అంచనా వేసేటప్పుడే 'ఇక్కడ శాసనం ఉందా' అన్న ఒక్క గడి పెట్టించండి. ఉందంటే దాని ఫొటో, కొలతలు, ఉన్న చోటు రాసి మీ శాఖకు పంపాకే పని మొదలవ్వాలి. ప్రతి గ్రామపంచాయతీలో శాసనాల రిజిస్టరు ఒకటి పెట్టించండి. రాయిని ఊరు దాటించి మ్యూజియానికి తరలించాలన్న ఉబలాటం మాత్రం వద్దు. చెరువు శాసనం చెరువు దగ్గరే ఉండాలి, ఏ తూము గురించి రాశారో ఆ తూము కనిపించే చోట. ఊళ్లో ఉన్న రాతి మీద ఏముందో వాడుక తెలుగులో నాలుగు వాక్యాలు రాసి పక్కన ఒక పలక పెడితే చాలు.

ఇందుకు మనుషులెక్కడున్నారని మీ అధికారులు అడుగుతారు. శాసన లిపి చదవగలిగిన వాళ్లు తగ్గిపోతున్న మాట నిజమే. కానీ లెక్క రాయడానికి లిపి రానక్కర్లేదు. మా తొమ్మిదో తరగతి పిల్లలతో ఒకసారి చేసి చూశాను. రాతిని నీళ్లతో మెల్లగా కడిగి, ఆరాక పిండి రాసి తుడిస్తే చెక్కిన గాట్లలో తెల్లగా నిలుస్తుంది. మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. కాసేపటికి ఒక అమ్మాయి 'సార్, ఇది శ్రీ' అని వేలు పెట్టింది. తర్వాత పిల్లలే 'స్వస్తి' పట్టుకున్నారు, 'శక' పట్టుకున్నారు. పైన సూర్యచంద్రుల బొమ్మలు ఎందుకని అడిగారు. సూర్యచంద్రులున్నంత కాలం ఈ దానం చెల్లాలని అర్థం అంటే, 'మరి ఇప్పుడా భూమి ఎవరి పేరు మీదుంది సార్?' అని ఒకడి ప్రశ్న. పట్టాదారు పాసుపుస్తకం రోజుల్లో పుట్టినవాడు మరి. ఆ ప్రశ్నతో గంటసేపు పాఠం నడిచింది.

ఏడో తరగతి పుస్తకంలో కాకతీయుల పాఠం చెడ్డదేమీ కాదు. చెరువులూ ఉన్నాయి, సైన్యాన్ని పోషించే నాయకులకు భూములిచ్చే నాయంకర వ్యవస్థా ఉంది. చిక్కంతా ప్రశ్నపత్రంలో. ఎవరి తర్వాత ఎవరు, ఎవరి బిరుదు ఏమిటి అని అడిగితే పిల్లలు అవే బట్టీ పడతారు. విద్యాశాఖ మీ చేతిలో లేదని తెలుసు. అయినా మంత్రివర్గ సమావేశాల్లో పక్కపక్కన కూర్చుంటారు కదా, ఆ శాఖ వారితో ఒక మాట అనండి. పిల్లలు తమ మండలంలోని ఒక శాసనం చూసి వచ్చి రాసే ప్రాజెక్టుకు మార్కులు కేటాయిస్తే, మీ శాఖకు కావాల్సిన లెక్క సగం వాళ్లే తెచ్చిపెడతారు.

వానాకాలం ముందు చెరువు పనులు మళ్లీ మొదలవుతాయి. అంచనాలు ఇప్పుడే తయారవుతుంటాయి కనుక ఆ గడి గురించి ఉత్తర్వు ఈ సీజన్‌లోనే వచ్చేలా చూడగలరని ప్రార్థన.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు