తాబేళ్లున్న చోట పురుగుల మందు చల్లొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

వానలు పడ్డాయంటే మన జిల్లాలో ఏ పెరట్లో చూసినా రోకలిబండలు, నత్తలు, చీమలే. తాబేళ్లని పెంచే మన శ్రీకూర్మం గుడికి వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు అంటుంటారు, పాపం అక్కడి తాబేళ్లని ఈ పురుగులు కుట్టేస్తాయేమో, కాస్త మందు చల్లిస్తే పోద్ది కదా అని. వాళ్లు జాలితోనే అంటున్నారు, కాదనను. కానీ పశువుల ఆస్పత్రిలో పనిచేసి రిటైరైన మనిషిగా చెప్తున్నాను, ఆ పురుగుల కన్నా ఆ మందే తాబేళ్లకి ఎక్కువ ప్రమాదం. దయచేసి ఈ నాలుగు ముక్కలు మీ పేపర్లో వెయ్యండి.

ఆ గుడిలో ఉన్నవి నక్షత్ర తాబేళ్లండి. గడ్డి, ఆకులు, రాలిన పువ్వులు తిని నేల మీద బతికే జీవాలు. పురుగుల మధ్యే పుట్టి పురుగుల మధ్యే పెరుగుతాయి, దొరికితే ఎప్పుడైనా ఒకటో అరో తింటాయి కూడా. వానపాము వాటినేం చెయ్యదు. రోకలిబండని కదిలిస్తే ఘాటు వాసనొచ్చే రసం వదుల్తుంది, తాబేలు మూతి తిప్పుకుని పోతుంది, అంతే. పూలకుండీ ఎత్తితే కింద కనబడే, ముట్టుకుంటే ఉండ చుట్టుకుపోయే బూడిదరంగు పురుగులైతే కుళ్లిన ఆకులు తినేసి నేల శుభ్రం చేస్తాయి, వాటిని చంపడం మనకే నష్టం. నత్తల్ని మాత్రం ఏరెయ్యాలి, ఎందుకంటే వాటి ఒంట్లో పరాన్నజీవులుంటాయి. అది కూడా గ్లౌజులేసుకుని చేత్తోనే ఏరాలి గానీ నత్తల మందు గుళికలు వెయ్యకూడదు, తాబేలు గుళిక తిన్నా, గుళిక తిని చచ్చిన నత్తని తిన్నా ముప్పే.

ఎర్రచీమల గురించి భయపడడంలో కొంత నిజముంది. తిరిగే పెద్ద తాబేలైతే లేచి పక్కకి పోతుంది, కానీ గుడ్డు పగిలి అప్పుడే బయటికొస్తున్న పిల్లల్ని, జబ్బుతో కదల్లేని వాటిని చీమలు పట్టేస్తాయి. మరి అక్కడికి చీమలెందుకొస్తున్నాయో చూడాలి కదా. తాబేళ్లకని మనం పడేసిన అరటిపళ్లకే వస్తున్నాయి!

ఈగల సంగతీ అంతే, నా లెక్కలో పురుగులన్నిట్లో తాబేలుకి అసలు శత్రువు ఈగే. పళ్లు ఎక్కువ తింటే నక్షత్ర తాబేలుకి విరేచనాలవుతాయి, తోక దగ్గర తడిగా మురికిగా అంటుకుంటుంది, ఈగ వచ్చి అక్కడో లేకపోతే ఏదైనా పుండు మీదో గుడ్లు పెడుతుంది, ఒక రోజులోపే అవి పురుగులైపోయి మాంసం తొలిచేస్తాయి. తాబేలుని ఎత్తి తోక మొదట్లో, వెనక కాళ్ల మడతల్లో చూస్తే బియ్యపు నూక లాంటి తెల్లటి గుడ్లు అంటుకుని కనిపిస్తాయి. ఆ రోజే డాక్టరు దగ్గరకి తీసుకెళ్లాలి. ఆవు పుండుకి పోసినట్టు టర్పెంటైన్, ఫినాయిల్ పోసెయ్యకండి.

ఇంకొకటి, ఇది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి. తాబేలు మెడ దగ్గర, కాళ్ల సందుల్లో ఒక్కోసారి రక్తం పీల్చే గోమార్లు పడతాయి. పశువులకైతే గోమార్లకి ఐవర్‌మెక్టిన్ సూది వేస్తాం, ఊళ్లల్లో చాలామందికి ఆ పేరు తెలుసు, మందుల షాపులో అడిగి తెచ్చుకుంటారు కూడా. ఆ మందు తాబేళ్లకి విషం. పక్షవాతం వచ్చినట్టు ఒళ్లు చచ్చుబడిపోయి చచ్చిపోతాయి. కొంచెమైనా వెయ్యకూడదు. గోమారిని పట్టుకారుతో చర్మం దగ్గరగా పట్టి నిదానంగా లాగాలి, అది కూడా తెలిసినవాళ్ల చేత.

ఇక చీమల పొడి, మొక్కలకి కొట్టే మందు, దోమల ఫాగింగు ఇవన్నీ చివరికి పడేది నేల మీదా ఆకు మీదా కదండి. తాబేలు మేసేది అక్కడే, పడుకునేది అక్కడే. మనం బజార్లో కొని తీసుకెళ్లే తోటకూర కట్టకి కూడా మందు ఉండొచ్చు, బాగా కడిగి పెట్టాలి.

ఇది చదివి మా ఇంట్లోనూ ఒకటుంది అనుకునేవాళ్లకి ఒక మాట. నక్షత్ర తాబేలుని ఇంట్లో పెంచడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో అది మొదటి షెడ్యూల్లోకి వెళ్లింది, అంటే పులికి ఉన్న రక్షణే దానికీ ఉంది. అదృష్టం కలిసొస్తుందని కొని దాచుకోవద్దు, అలాగని ఏ చెరువు దగ్గరో వదిలెయ్యొద్దు, ఇది నీళ్లలో ఈదే తాబేలు కాదు, మునిగిపోతుంది. అటవీ శాఖ వాళ్లకి అప్పగించండి.

దేవాదాయ శాఖ, అటవీ శాఖ, పశుసంవర్ధక శాఖ పెద్దలకి నా మనవి ఇదే. తాబేళ్లుండే ప్రతి చోటా ఏ పురుగుమందూ వాడకూడదని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. ఫాగింగు బండిని గుడి ప్రహరీ దగ్గరకి రానివ్వకండి. పళ్లు పెట్టొద్దు, కడిగిన ఆకుకూరే పెట్టండి అని తెలుగులోనూ ఒడియాలోనూ బోర్డు పెట్టండి, ఒడిశా నుంచి కూడా చాలామంది వస్తారు. తిన్నాక మిగిలింది ఆ సాయంత్రమే ఎత్తేసే మనిషిని పెట్టండి. వానాకాలమంతా వారానికోసారి డాక్టరు వచ్చి ఒక్కో తాబేలునీ తిప్పి చూసేలా ఏర్పాటు చెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకుడు, శ్రీకాకుళం