నాన్నా, నారు బతికింది

కిచెనర్, ఒంటారియో
జులై 12

నాన్నా,

ఇక్కడ మేమంతా బాగున్నాం. పిల్లకి స్కూలు సెలవులిచ్చారు, ఇల్లు పీకి పందిరేస్తోంది. నీ మోకాలి సంగతి అడిగితే అమ్మ "పర్లేదులే" అంటుంది తప్ప అసలు విషయం చెప్పదు. ఈ కబురు ఫోన్లో చెప్పొచ్చు గానీ, నీకు సగం వినపడదు, మిగతా సగం అమ్మ చెప్పనివ్వదు. అందుకే రాస్తున్నా.

మార్చిలో మిరప నారు పోశాను. అరవై గింజలు. నీ కొడుకునే కదా, నాకు తెలియదా అనుకున్నా. షాపులో చవగ్గా దొరికే నల్లమట్టి రెండు బస్తాలు, గొర్రెల ఎరువు ఒక బస్తా తెచ్చి కలిపి, ఇంత పెద్ద టబ్బు నిండా పోసి, అందులో గింజలు జల్లాను. మట్టి నల్లగా ఉంటే బలం అనే లెక్క. రోజూ పొద్దున్నే నీళ్లు. మొలకలు ఓ ముప్పై దాకా వచ్చాయి. వారం తిరక్కముందే ఆకుల అంచులు మాడాయి, తర్వాత ఒక్కొక్కటే కాండం మొదట్లో సన్నబడి, ఎవరో గిల్లి పడేసినట్టు పక్కకి వాలిపోయాయి. నారుకుళ్లే. చిన్నప్పుడు మన నారుమడిలో నువ్వు "చూడరా, ఇట్లా మొదలవుద్ది" అని చూపించావు కూడా. అప్పుడు నా చూపు గాలిపటం మీద ఉంది.

నాలుగు మిగిలాయి. ఆ టబ్బు తీసుకెళ్లి వరండాలో దించుతుంటే పక్కింటి పెద్దాయన కంచె మీద నుంచి చూసి నవ్వాడు. లారీ నడిపి రిటైరైన మనిషి. "ఇది పసిపిల్లకి బిర్యానీ పెట్టినట్టుంది" అన్న అర్థం వచ్చేలా ఏదో అన్నాడు. బిర్యానీ నా చేర్పు అనుకో. రమ్మని తన గరాజులోకి తీసుకెళ్లి తన నారు చూపించాడు.

ఇప్పుడు కంగారు పడకు. ఆయన పెంచేది గంజాయి.

మన దగ్గర పేపర్లో రోజూ వచ్చే కేసులు చూసి నీకు గుండె ఝల్లుమంటుందని తెలుసు. ఇక్కడ 2018 అక్టోబర్ 17 నుంచి అది చట్టబద్ధం. మా రాష్ట్రంలో 19 ఏళ్లు నిండినవాళ్లు ఇంటి అవసరానికి పెంచుకోవచ్చు, కానీ ఇంటికి నాలుగు మొక్కలే. మనిషికి కాదు, ఇంటికి. పక్కనే ఉన్న క్యూబెక్‌లో ఆ ఒక్క మొక్క కూడా కుదరదు. నాకు ఆ వ్యవహారంతో సంబంధం లేదు. పోయిన సెప్టెంబర్లో వీధంతా స్కంక్ (భరించలేని కంపు చిమ్మే ఇక్కడి జంతువు) కంపు కొట్టినప్పుడు ఆయన్ని తిట్టుకున్నవాణ్ణే. కానీ నాన్నా, ఉన్నవి నాలుగే కాబట్టి ఒక్కటి కూడా పోకూడదని ఆ మనిషి పడే జాగ్రత్త చూడాలి. ఎకరం మీద పదో పరకో పోతే మనం పట్టించుకోం. ఆయనకి ఒకటి పోతే పావు పంట పోయినట్టే.

ఆయన మట్టిలో మట్టే లేదు. పీట్ మాస్ అని, చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లని నాచు, మన కొబ్బరిపొట్టులా ఉంటుంది. ఈ దేశంలో అది బోలెడు. దానికదే పులుపు ఎక్కువ కాబట్టి సున్నం కలుపుతారు. అందులో నాలుగో వంతు పెర్లైట్, తెల్లగా సగ్గుబియ్యంలా ఉండే గింజలు. అదేదో అగ్నిపర్వతపు రాయిని కాల్చి మరమరాల్లా పేలుస్తారట. కాస్త మాగిన కంపోస్టు. అంతే. ఎరువు లేదు. మొదటి రెండు మూడు వారాలు మొక్క తన బీజం ఆకుల్లో దాచుకున్నదే తింటుంది, నువ్వు పెట్టేదంతా వేళ్లని కాలుస్తుంది అన్నాడు. ఆ తర్వాత గుప్పెడు తీసి పిసికాడు. ముద్ద అయింది. బొటనవేలితో తాకగానే విరిగి రాలింది. "ఇలా ఉంటేనే నాటాలి" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. నేల పదును, అదే తడి, చూడటానికి చేలో నువ్వు చేసేదీ అదే కదా! లారీ తోలిన కెనడా ముసలాయన చెయ్యి అచ్చం నీ చెయ్యిలా కదిలింది.

ఏప్రిల్ మొదట్లో మళ్లీ పోశాను. ఈసారి చిన్న చిన్న కాగితం కప్పుల్లో, అడుగున మూడేసి చిల్లులు పెట్టి. పెద్ద కుండీలో ఎందుకు వద్దన్నాడంటే, వేరు లేని చోట మట్టి నీళ్లు పట్టుకుని అలాగే ఉంటుంది, ఆరదు, అక్కడే కుళ్లు పుడుతుంది. నీళ్లు ఎప్పుడు పోయాలో తేదీ చూసి కాదు, కప్పు ఎత్తి చూసి తెలుసుకోమన్నాడు. ఖాళీ గ్లాసులా తేలిగ్గా ఉంటే పొయ్యి. ఇంకోటి, మా ఊరి నీళ్లు చాలావరకు భూమిలోంచి తోడేవి, బాగా కఠినం. అందుకని ఇళ్లల్లో ఉప్పుతో పనిచేసే మిషన్లు పెట్టుకుంటాం. ఆ నీళ్లు మొక్కలకి పోస్తే సోడియం పేరుకుంటుందట. మార్చిలో నేను పోసింది అవే. ఇప్పుడు వర్షం నీళ్లు పడుతున్నా, లేదంటే మిషన్‌కి కలపని బయటి కుళాయి.

ఆకుల వెడల్పు కప్పు అంచు దాటాక మార్చాలి. ఆయన తన గంజాయి మొక్క ఒకటి మార్చి చూపించాడు. పొద్దున నీళ్లు పోసి ఉంచాడు, సాయంత్రం మొదలుపెట్టాడు. ముందు పెద్ద కుండీలో మట్టి మధ్య ఖాళీ కప్పు ఒకటి కూర్చోబెట్టి, చుట్టూ మట్టి పోసి, కప్పు పైకి లాగేశాడు. అచ్చు పోసినట్టు గుంట. తర్వాత మొక్క కాండాన్ని రెండు వేళ్ల సందున ఉంచి కప్పు బోర్లించి, పక్కలు మెల్లగా నొక్కాడు. మట్టి ముద్ద మొత్తం ఊడొచ్చింది, చుట్టూ తెల్లటి వేళ్లు, పుట్ట మీద సాలెగూడులా. ముద్ద తీసుకెళ్లి గుంటలో దించితే సరిగ్గా సరిపోయింది, వేరుకి గాలి కూడా తగల్లేదు. నీళ్లు కాండం మొదట్లో పొయ్యలేదు, కాస్త దూరంగా చుట్టూ పోశాడు. వేరు వెతుక్కుంటూ రావాలట. చెయ్యి వెయ్యాల్సొస్తే ఆకు పట్టుకో, కాండం పట్టుకోకు, ఆకు పోతే ఇంకోటొస్తుంది అన్నాడు. వెలుతురు చాలక మెడ సాగిన మొక్కైతే ఆయన మెడ దాకా పూడుస్తాడు. టమాటాకీ అలా చెయ్యొచ్చు, మిరపకి మాత్రం వద్దన్నాడు.

మే ఆఖరి వారం దాకా బయట పెట్టనివ్వలేదు, మంచు పడుతుందని. పెట్టాక కూడా మొదటి రోజు నీడలో గంట, రెండో రోజు రెండు గంటలు, అలా వారం రోజులు లోపలికీ బయటికీ మోయించాడు. మీ కోడలు "కొత్తల్లుడికి కూడా ఇంత మర్యాద ఉండదు" అంది. ఒకరోజు ఆఫీసు పనిలో పడి ఎండలో మర్చిపోతే మూడు మొక్కల ఆకులు తెల్లగా పాలిపోయాయి. ఒకటి పోయింది. మిగతావి ఇరవై రెండు, అన్నీ పూత మీదున్నాయి.

అన్నట్టు గోంగూర కూడా వేశా. ఇండియన్ షాపులో గింజలు దొరికాయి. పోయిన వారం మా ఇంటి ఓనరు గడ్డి చూసుకోడానికి వచ్చి, పదకొండు గోంగూర మొక్కల ముందు నిలబడి వేలు పెట్టి లెక్కపెడుతున్నాడు. చీలికల ఆకు, రంపపు అంచు, ఆయన్ని ఏమనలేం. గోగుకి శాస్త్రవేత్తలు పెట్టిన పేరులోనే 'గంజాయి లాంటిది' అనే మాట ఉంది, అంత పోలిక. ఎంత చెప్పినా నమ్మకపోతే ఒక ఆకు తుంచి నేను తిని, ఆయనకోటి ఇచ్చాను. పులుపుకి కళ్లు రెండూ మూసుకున్నాడు. కంచె అవతల పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఇప్పుడు నీతో పని. రెండు మిరప మొక్కల్లో చిగురాకులు కిందికి ముడుచుకుంటున్నాయి, కాడ పొడుగ్గా సాగినట్టుంది. పెద్దాయనకి మిరప సంగతి తెలియదు. ఇది ఆకు రసం పీల్చే నల్లితో వచ్చే కింది ముడతేనా? నల్లి అయితే గంధకం కొట్టనా, లేక ఆ రెండూ పీకేయనా? ఫోటోలు అమ్మ ఫోన్‌కి పంపాను, కళ్లద్దాలు పెట్టుకుని చూడు. ఆదివారం మీకు సాయంత్రం ఏడింటికి చేస్తా. ఫోన్ నువ్వే ఎత్తు.

నీ పెద్దోడు