‘ఆందోళన అంటే ధర్నానా టీచర్?’

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. ఆమధ్య పిల్లల్లో భయాలు, దిగుళ్లు ఏ మేరకున్నాయో తెలుసుకునే ప్రశ్నాపత్రం ఒకటి మా చేతికొచ్చింది. పిల్లలే చదువుకుని ‘ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, ఎప్పుడూ’ అనే గళ్లలో టిక్కు పెట్టాలి. (మొదటి గడీ, చివరి గడీ ఒకే మాటతో మొదలవుతాయి, గమనించారా?)

ఆరో తరగతిలో పంచాను. ‘నాకు ఆందోళనగా ఉంటుంది’ అన్న చోట ఒకడు లేచి, “ఆందోళన అంటే ధర్నానా టీచర్?” అన్నాడు. నవ్వొచ్చింది గానీ తప్పు వాడిది కాదు. టీవీ వార్తల్లో వాడు విన్నది ఆ ఆందోళనే. వాడి నోట అయితే అది టెన్షన్, గుండె దడ, పరీక్ష రోజు పొద్దున్నే కడుపులో తిప్పడం. ఇంకో అమ్మాయి పక్కమ్మాయి కాగితం చూసి టిక్కులు పెట్టేసింది. “దీనికెన్ని మార్కులు?” అని వెనక బెంచీ నుంచి ప్రశ్న. పైన పేరు, రోల్ నంబరు రాయించాక పరీక్ష అనుకోక ఏమనుకుంటారు!

ఈ పద్ధతే వద్దని నేననను. లోపల బెదిరిపోయే పిల్లలు క్లాసులో అల్లరి చేయరు, మా కంటికి బుద్ధిమంతుల్లా కనిపిస్తారు. అడిగితేనే బయటపడతారు. కానీ అడగడానికీ ఒక తీరుంది. పిల్లల భయాల్ని కొలవడానికి సుసాన్ స్పెన్స్ అనే సైకాలజిస్టు 1998లో ప్రచురించిన ప్రశ్నాపత్రంలో 44 వాక్యాలున్నాయి. స్కోరు లెక్కకొచ్చేవి 38. అన్నీ భయాల గురించే అయితే పిల్లలు బెంబేలెత్తుతారని మిగతా ఆరు మంచి మాటలు చేర్చారు. 1978 నాటి మరో పత్రంలో, మంచి అనిపించుకోవడానికి రాసే జవాబుల్ని పసిగట్టే వాక్యాలే తొమ్మిది. వాళ్లు అంత ఆలోచించి చేసినదాన్ని మనం గ్రాంథికంలోకి దించి జిరాక్సు తీసి పంచితే ఎలా?

పేరు సంగతి కూడా తేల్చండి. 2022లో కేంద్ర విద్యా సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ మానసిక ఆరోగ్యం గురించి 3.79 లక్షల మంది విద్యార్థుల్ని అడిగినప్పుడు పేరు రాయడం పిల్లల ఇష్టానికే వదిలింది. సర్వే అయితే అదే మేలు. సాయం చేయడానికైతే పేరు కావాలి, అప్పుడు ఆ కాగితం కౌన్సెలర్ తప్ప మాలాంటి వాళ్లు చూడకూడదు. ఎక్కువ స్కోరు వచ్చినంత మాత్రాన జబ్బు అని కాదు, కూర్చోబెట్టి మాట్లాడాల్సిన పిల్ల అని మాత్రమే.

మాట్లాడేదెవరు? విశాఖపట్నంలో నీట్ విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలంది. మా బడిలో నాలుగు వందల మంది. కౌన్సెలర్ లేరు.

ఆ రోజు ఒకమ్మాయి దాదాపు అన్నిటికీ ‘ఎప్పుడూ’ గడిలోనే టిక్కు పెట్టింది. పిలిచి, “ఏమ్మా?” అన్నాను. “ఏం లేదు టీచర్” అని వెళ్లిపోయింది. ఇలాంటి పిల్లని మా మండలంలో ఎవరి దగ్గరికి పంపాలో ముందు చెప్పించండి, కొత్త పత్రాలు ఆ తర్వాత పంచుతాం.

ఇట్లు,
ఒక తెలుగు టీచర్