గృహప్రవేశ బ్యానర్ల విషయమై మా దుకాణం నుండి మనవి

మా దుకాణంలో బ్యానర్లు, తోరణాలు చేయించుకునే పర్లాకిమిడి, కాశీనగరం, పాతపట్నం ప్రాంతాల వారందరికీ నమస్కారం. ఆషాఢంలో గృహప్రవేశ ముహూర్తాలు ఉండవు కనుక ఏడాదిలో మాకు కాస్త తీరిక దొరికే నెల ఇది. శ్రావణ ముహూర్తాల కోసం ఇప్పటికే కొందరు అడుగుతున్నారు. వారి దగ్గర బయానా తీసుకునే ముందు, గడచిన మాఘం నుండి జ్యేష్ఠం వరకు మా పనిలో ఏ తప్పులు జరిగాయో, వాటి వలన మేము ఏమి మార్చుకున్నామో చెప్పడం మా బాధ్యత అనుకుంటున్నాము. ముఖ్యమైన మార్పును ముందే చెబుతాము. ఇకపై గృహప్రవేశాలకు ఫ్లెక్సు బ్యానర్లు ముద్రించము, గుడ్డ బ్యానర్లు మాత్రమే చేస్తాము. కొత్త ఇంటి గోడకు ఏ రకమైన టేపూ అంటించము.

ఈ నిర్ణయానికి మొదటి కారణం మాఘంలో జరిగిన ఒక సంఘటన. ముహూర్తానికి నాలుగు రోజుల ముందు మాత్రమే రంగులు పూర్తయిన ఒక ఇంట్లో, హాలు గోడ మీద ఆరడుగుల బ్యానరును మా కుర్రవాళ్ళు డబుల్ టేపుతో అంటించారు. మర్నాడు దానిని తీసేటప్పుడు టేపుతో పాటు రంగు, రంగు కింది లప్పం కూడా అరచేతి వెడల్పున నాలుగు చోట్ల ఊడి వచ్చాయి. ఆ ఇంటి యజమాని మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఎన్నో ఏళ్ళు కూడబెట్టి కట్టుకున్న ఇంటిలో ఆయన కుటుంబం మొదటి రాత్రి ఆ మచ్చలు చూస్తూ నిద్రపోయిందన్న బాధ మాకు ఇప్పటికీ పోలేదు. ఊడిన చోట మాత్రమే అతుకు వేస్తే రంగు తేడా కనిపిస్తుంది కనుక గోడ మొత్తానికి మా ఖర్చుతో మళ్ళీ రంగు వేయించి ఇచ్చాము.

ఆ తరువాత రంగులు వేసే మేస్త్రీలను అడిగి తెలుసుకున్నది ఇది. ఎమల్షన్ రంగు కొన్ని గంటలలోనే చేతికి అంటకుండా ఆరినట్టు కనిపిస్తుంది కానీ, దాని పొర లోపలి వరకు గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. లప్పం వేసే ముందు గోడ మీది ధూళి సరిగా తుడవకపోయినా, సిమెంటు పూతకు తడి చాలకపోయినా గోడ మీద దాని పట్టు ఇంకా తగ్గుతుంది. గృహప్రవేశం జరిగే ఇళ్ళలో చాలావరకు రంగులు ముహూర్తానికి వారం పది రోజుల ముందు మాత్రమే ముగుస్తాయి కాబట్టి, టేపుకు అంతకంటే అననుకూలమైన గోడ మరొకటి ఉండదు. ఈ విషయం ఈ పనిలో ఉన్న మాకు ముందే తెలిసి ఉండవలసింది.

ఇప్పుడు మేము బ్యానరును వెదురు చట్రానికి కట్టి, దాని కాళ్ళకు ఇసుక సంచులు కట్టి, గోడకు జానెడు దూరంలో నిలబెడుతున్నాము. చట్రానికి చోటు చాలని హాలులో కర్టెను కడ్డీలకో, కిటికీ గ్రిల్లుకో పురికొసతో కడతాము. నిచ్చెన కాళ్ళకు గోనెపట్టా చుట్టనిదే కొత్త పాలరాతి మీద నిలపము. పూల తడి, పసుపు నీళ్ళు తెల్లని పాలరాతిలోకి ఇంకితే ఆ మరక పూర్తిగా పోవడం చాలా కష్టం. అందుచేత బంతిపూల దండలను నేల తగిలేలా వేలాడదీయమని అడిగినా మేము ఒక అడుగు పైకే ఆపుతున్నాము. దయచేసి దీనిని మర్యాదలేనితనంగా భావించవద్దు.

రెండవ విషయం సామాను గురించి. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులపై కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టు 12న ప్రకటించిన నియమాలు 2022 జూలై 1 నుండి అమలులో ఉన్నాయి. వాటి ప్రకారం అలంకరణకు వాడే థర్మాకోల్, ప్లాస్టిక్ జెండాలు, బెలూన్లకు గుచ్చే ప్లాస్టిక్ పుల్లలు, 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు) కంటే పలుచని ప్లాస్టిక్ లేదా పీవీసీ బ్యానర్లు నిషిద్ధం. థర్మాకోల్ అక్షరాలను మేము అప్పుడే మానివేశాము. అయితే నిరుడు ఒక టోకు వ్యాపారి దగ్గర కొన్న రంగురంగుల ‘స్వాగతం’ తోరణాలు 100 మైక్రాన్లకు మించినవే అని ఆయన చెప్పిన మాట నమ్మి, ఈ సీజనులో చాలా ఇళ్ళకు కట్టాము. వైశాఖంలో అనుమానం వచ్చి, లేతు పనివారి దగ్గర మైక్రోమీటరుతో కొలిపిస్తే అవి అందులో సగం మందం కూడా లేవు. బిల్లులో మందం రాయించుకోకపోవడం మా అజాగ్రత్త. మిగిలిన సరుకును అమ్మకుండా పక్కన పెట్టాము. ఆ తోరణాలు కొన్నవారు తెచ్చి ఇస్తే వాటి పూర్తి ధర తిరిగి ఇస్తాము. బిల్లు లేకపోయినా ఫరవాలేదు.

ఫ్లెక్సు సంగతి వేరు. మేము వాడే ఫ్లెక్సు 100 మైక్రాన్లకు మించిన మందమే కనుక ఆ నియమం దానికి వర్తించదు. చట్టం పేరు చెప్పి మిమ్మల్ని ఎక్కువ ధర వైపు నడిపించడం మాకు ఇష్టం లేదు. మేము మానివేయడానికి కారణం ఒక రోజు వేడుక తరువాత ఆ ఫ్లెక్సుకు పట్టే గతి. పాలిస్టరు దారాల వలకు రెండు వైపులా పీవీసీ పూత వేసి ఫ్లెక్సును తయారు చేస్తారు. ఆ రెండింటినీ విడదీయడం కష్టం కాబట్టి పాత సామాను కొనేవారు దానిని తీసుకోరు. కొందరు గడ్డివాముల మీద కప్పుకుంటారు, కొందరు పశువుల పాకకు కడతారు, అంతవరకు మంచిదే. మిగిలినది మహేంద్రతనయ నది ఒడ్డునో, చెత్తకుప్పల దగ్గరో మంటలో పడుతుంది. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుతో పాటు డయాక్సిన్ల వంటి విషపదార్థాలు కూడా పుడతాయి. కొత్త ఇంటి యజమాని దంపతుల ఫోటో, పిల్లల పేర్లు ఉన్న ఫ్లెక్సు కాలువలో తేలుతూ ఉండగా మేము స్వయంగా చూశాము. అది మా యంత్రంలో ముద్రించినదే.

గుడ్డ బ్యానరు అన్ని విధాలా నిర్దోషమైనదని కూడా మేము చెప్పము. స్పష్టమైన ఫోటోలు, రంగులు కావాలంటే పాలిస్టరు గుడ్డ మీదనే ముద్రించాలి. ముందు కాగితం మీద ముద్రించి, సుమారు 200 డిగ్రీల వేడిలో గుడ్డకు అదిమితే రంగు ఆవిరై పాలిస్టరు దారంలోకి ఎక్కుతుంది. ఈ పద్ధతి నూలు గుడ్డ మీద పనిచేయదు. పాలిస్టరు కూడా ప్లాస్టిక్ జాతిదే. కానీ దానిని ఉతుక్కోవచ్చు, మడిచి బీరువాలో పెట్టుకోవచ్చు, వెనుక వైపు మరొక వేడుకకు వాడుకోవచ్చు. తాజా ఫ్లెక్సుకు ఉండే సాల్వెంటు సిరా ఘాటు దానికి ఉండదు. అసలు ప్లాస్టిక్కే వద్దనుకునే వారికి నూలు గుడ్డ మీద చేతితో రాయించి ఇస్తాము. ఫ్లెక్సు రాకతో పని పోగొట్టుకున్న బోర్డు ఆర్టిస్టులు ఇద్దరు మా ఊళ్ళో ఇంకా కుంచె పట్టి ఉన్నారు. వారి చేతిరాతలో ‘శుభం’ అన్న మాటకు వచ్చే నిండుదనం మా కంప్యూటరులోని ఏ ఫాంటుకూ రాదు. ఎవరైనా అడిగితే నేను చేతిరాతనే ఎంచుకోమంటాను.

ధరలు దాచము. ఫ్లెక్సుకు చదరపు అడుగుకు 15 రూపాయలు తీసుకునేవాళ్ళము. పాలిస్టరు గుడ్డకు 45, నూలు గుడ్డ మీద చేతిరాతకు 60 తీసుకుంటున్నాము. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు బ్యానరుకు 360 రూపాయలు అయ్యే చోట ఇప్పుడు 1,080 లేదా 1,440 అవుతుంది. ఇల్లు కట్టి చేతిలో డబ్బు అయిపోయిన సమయంలో ఇది భారమని మాకు తెలుసు. అందుకే పేర్లు లేని పెద్ద గుడ్డను మేమే కుట్టించి 250 రూపాయల అద్దెకు ఇస్తున్నాము. దాని నడుమ కట్టే ఒక అడుగు వెడల్పు పేర్ల పట్టీని మాత్రం మీకోసం వేరుగా ముద్రిస్తాము. ఆ పట్టీకి 270 అవుతుంది. మొత్తం 520 రూపాయలు. పట్టీ మీ దగ్గరే ఉంటుంది, గుడ్డ మా దగ్గరకు తిరిగి వస్తుంది.

అద్దె గుడ్డలలో నాలుగు పిపిలి చాందువాలు, అంటే బొమ్మలు కుట్టిన అలంకార గుడ్డలు కూడా ఉన్నాయి. పూరీ జిల్లాలోని పిపిలిలో రంగు గుడ్డ ముక్కలను కత్తిరించి, మరొక గుడ్డ మీద కుట్టి ఏనుగులు, చిలుకలు, పద్మాలు చేస్తారు. జగన్నాథుని నందిఘోష రథానికి ఎరుపు, పసుపు గుడ్డలు కట్టడం చూసిన కళ్ళకు ఆ రంగుల పొందిక ఇంటి ముందు ఎంత శోభనిస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు. వీటిని నీటిలో ఉతికితే ఎరుపు దిగి పక్క రంగుకు పడుతుంది. కాబట్టి హోమం దగ్గర, పసుపు నీళ్ళు చల్లే చోట వీటిని కట్టము. 500 రూపాయలు ధరావతు తీసుకుంటాము. కొందరు సవర గిరిజనుల గోడ చిత్రాలను బ్యానరు మీద అంచుగా వేయమని అడుగుతున్నారు. ఆ చిత్రాలు సవరలకు దేవతలను, పూర్వీకులను ఇంటికి పిలిచే పూజలో భాగం. వాటిని భోజనాల వరుస పక్కన అలంకారంగా వేలాడదీయడం మాకు సముచితంగా తోచలేదు, అందుచేత ఆ పని ఒప్పుకోవడం లేదు.

ఇక అక్షరాల తప్పు. ఫాల్గుణంలో ఒక ఇంటికి కట్టిన బ్యానరులో ‘గృహప్రవేశం’ అన్న మాట ‘గృహప్‌రవేశం’ అని విరిగి వచ్చింది, ఇంటి పేరులో ఒక ఒత్తు మొత్తానికే లేదు. ఆ ఇంటి పెద్దావిడ నన్ను పిలిచి, “బాబూ, మా ఇంటి పేరు మీద ఒత్తు ఏదీ?” అని నెమ్మదిగా అడిగారు. నాకు సమాధానం తోచలేదు. మీరు వాట్సాప్‌లో పంపే తెలుగు యూనికోడ్‌లో, అంటే ఫోన్లన్నిటికీ ఉమ్మడి అయిన అక్షర పద్ధతిలో ఉంటుంది. అక్షరాలు కూర్చే మా డిటిపి పని యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లతో జరుగుతుంది. ఒకదాని నుండి మరొకదానికి మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు జారిపోతాయి. ఫోటోషాప్‌లో భారతీయ లిపులకు తగిన అమరిక ఎంచుకోకుండా నేరుగా అతికిస్తే ఒత్తు కిందికి దిగక పక్కన నిలబడుతుంది. ఇది యంత్రం చేసే పనే అయినా, చదివి చూడకుండా ముద్రణకు పంపింది మేమే. వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు ఉపాధ్యాయులుగా పనిచేసిన ఈ పర్లాకిమిడిలో, తెలుగు మాటను విరిచి గుమ్మానికి కట్టామన్న సిగ్గు మాకు ఉంది.

మన ప్రాంతంలో ఒడియా కూడా కావాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు ఒడిశాలోకి వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్ర వైపు ఉండిపోయింది. వియ్యంకులు, మేనమామలు రెండు వైపులా ఉన్నారు. అందుచేత రెండు లిపులనూ ఒకే ఎత్తు అక్షరాలతో వేయడం మా పద్ధతి, ఒకటి పెద్దదిగా, మరొకటి కింద చిన్నదిగా వేయము. అయితే ఒడియా లిపిలో ఎ, ఏ లకు, ఒ, ఓ లకు వేరు వేరు గుర్తులు లేవు. ‘కొండమ్మ’ అన్న పేరును ఒడియాలో రాస్తే ‘కోండమ్మ’ అని చదువుకునే వీలుంది. ఇది తప్పు కాదు, ఆ లిపి స్వభావం. ముందే తెలిస్తే మీకు సందేహం రాదని చెబుతున్నాము. ఇకపై ప్రతి బ్యానరు నమూనాను రెండు భాషలలోనూ కాగితం మీద ముద్రించి ఇస్తాము. ఇంట్లో బాగా చదవగలిగిన పెద్దవారు చూసి సంతకం చేసిన తరువాతనే గుడ్డకు పంపుతాము. ఫోనులో చూసి “సరే” అంటే మేము ఒప్పుకోము.

కట్టే చోటు గురించి ఒక్క మాట. ద్వారబంధానికి మామిడి తోరణం, ఇరువైపులా అరటి పిలకలు, గడపకు పసుపు కుంకుమలు ఉండవలసిన చోటును బ్యానరు ఆక్రమించరాదు. ఆవును, దూడను లోపలికి తెచ్చేటప్పుడు గాలికి గుడ్డ రెపరెపలాడితే అవి బెదురుతాయి కనుక గుమ్మానికి ఆరడుగుల లోపల వేలాడే గుడ్డ ఏదీ ఉంచము. హోమగుండానికీ పాలు పొంగించే పొయ్యికీ కూడా అంతే దూరం పాటిస్తాము. కార్తీక ముహూర్తాలు తుపానుల కాలంలో వస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన గజపతి జిల్లాలో చేసిన నష్టాన్ని చూసినవారము కాబట్టి, వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న రోజున మేడ మీద ఏమీ కట్టము. ఆ భాగానికి తీసుకున్న డబ్బు వెనక్కి ఇస్తాము.

గుడ్డ మీద ముద్రించే యంత్రం మాకు లేదు, విశాఖపట్నం నుండి చేయించి తెప్పిస్తున్నాము. అందుచేత ముహూర్తానికి కనీసం 8 రోజుల ముందు పేర్లు, ఫోటోలు ఇవ్వవలసి ఉంటుంది. ఫ్లెక్సు యంత్రం మీద ఇంకా అప్పు ఉంది కాబట్టి దుకాణాల బోర్డులకు దానిని వాడుతూనే ఉంటాము. మంచి ముహూర్తం ఉన్న రోజున పది ఇళ్ళ పని ఒప్పుకుని, తెల్లవారుజామున ఒక ఇంట్లో నిచ్చెన వేసి మరొక ఇంటికి పరుగెత్తడం వలననే మాఘంలో గోడ విషయంలో పై తప్పు జరిగింది. శ్రావణం నుండి ఒక ముహూర్తానికి మూడు ఇళ్ళకు మించి ఒప్పుకోము. వచ్చే శ్రావణంలో ఒక ముహూర్తానికి ఇప్పటికే రెండు ఇళ్ళు నిండాయి. నాలుగవవారు వస్తే, ఈ పని శ్రద్ధగా చేసే మరొక దుకాణం పేరు మేమే చెప్పి పంపుతాము.