పంటి ఎక్స్‌రేలు రోగి చేతికి ఇవ్వాలి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను ముప్పై రెండేళ్లు ఓడల వెల్డింగు ఎక్స్‌రేలు చదివాను. షిప్‌యార్డును మా మల్కాపురం వాళ్లు ఇప్పటికీ సింధియా అనే అంటారు. అక్కడ షిఫ్టు దిగి జనమంతా వెళ్లాక, చుట్టూ తాడు కట్టి, ఇరిడియం-192 అనే రేడియోధార్మిక పదార్థంతో ఫిల్ము తీసేవాళ్లం. మర్నాడు దాన్ని వెలుగుపెట్టె మీద పెట్టుకుని, లోహం అడుగుదాకా దిగిందా, మధ్యలో గాలి బుడగ మిగిలిందా, చీలిక ఉందా అని చూడటం నా పని. ఆ అడుగుభాగాన్ని మేమూ రూట్ అనే పిలిచేవాళ్లం. నగరంలో దంతవైద్యశాలల బోర్డుల మీద ఈమధ్య ‘ఏఐతో రూట్ కెనాల్’ అని కనిపిస్తోంది. నా పంటి సంగతి చెబితే నలుగురికీ పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మూడేళ్ల కిందట కుడివైపు పై దవడ పెద్ద పంటికి ఒక క్లినిక్‌లో రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ పక్కన నమిలితే సలుపు మొదలైంది. వాళ్లు మళ్లీ ఎక్స్‌రే తీసి, ఫిల్లింగు కొసదాకా వెళ్లింది, అంతా బాగుందన్నారు. నేనూ చూశాను. నిజంగానే బాగుంది. కానీ ఎక్స్‌రే అంటే నీడ. ముందున్నదీ వెనకున్నదీ ఒకదాని మీద ఒకటి పడతాయి. చీలిక కిరణానికి అడ్డంగా పడుకుని ఉంటే ఎంత మంచి ఫిల్ములోనైనా కనబడదు. మాకు అనుమానం వస్తే కోణం మార్చి ఇంకోటి తీసేవాళ్లం. పంటికీ అలా పక్కకు జరిపి రెండో ఎక్స్‌రే తీసే పద్ధతి ఉందట. నాకు మాత్రం తీయలేదు.

ఆఖరికి మా అమ్మాయి ఎంవీపీ కాలనీలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ నోరంతా వచ్చే ఎక్స్‌రే తీసి కంప్యూటర్‌లో పెడితే, ఏఐ సాఫ్ట్‌వేర్ రెండుచోట్ల ఎర్ర గీత చుట్టింది. ఒకటి నా నొప్పి పన్ను. రెండోది కింది దవడలో, నాకు ఏ బాధా లేని పన్ను. ఆవిడ చల్లటి దూది ఆ కింది పంటికి ఆనిస్తే జివ్వుమంది. “ఈ పంటికి ప్రాణం ఉందండీ. ఈ నల్ల మచ్చ దవడలో నరం బయటికొచ్చే రంధ్రం. దాన్ని చూసి సాఫ్ట్‌వేర్ చీము అనుకుంది” అని ఆ గుర్తు కొట్టేశారు. ఆ మాట నాకు భరోసా ఇచ్చింది.

పై పంటికి మటుకు సీబీసీటీ అనే మూడు దిశల స్కాన్ తీశారు. పై దవడ మొదటి పెద్ద పంటికి వేర్లు మూడే అయినా, సగానికి పైగా మందిలో కాలువలు, అంటే వేరు లోపల నరం ఉండే సన్నని దారులు, నాలుగుంటాయట. నాలుగోది బుగ్గవైపు ముందు వేరులో సన్నగా దాక్కుని ఉంటుంది. నాకు దాన్ని ముట్టుకోనే లేదు. ఆవిడ పొర తర్వాత పొర జరుపుతూ ఆ ఖాళీ చూపించారు. స్కాన్‌ను కూడా గుడ్డిగా నమ్మకూడదన్నారు. క్యాప్ లోహమూ ఫిల్లింగూ చారలు కొడతాయి, చార చూసి పన్ను పగిలిందనుకునే ప్రమాదముంది. రేడియేషన్ మామూలు ఎక్స్‌రే కంటే ఎక్కువ కాబట్టి అందరికీ తీయరు కూడా.

తర్వాత ఆవిడ నా పాత ఎక్స్‌రేలు అడిగారు. మొదటి క్లినిక్‌కి వెళ్తే, కంప్యూటర్ మార్చాం, పాతవి పోయాయన్నారు. నా బాధంతా ఇక్కడే. వేరు కొసన నల్లని నీడ ఉందంటే, అది పెరుగుతున్న పుండా, మానుతున్న పుండా? ఒక్క ఫొటోతో డాక్టరూ చెప్పలేరు, ఏఐ కూడా చెప్పలేదు. ఎముక మళ్లీ పూడటానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. అందుకే ఏడాది నిండాక తీసి చూడాలని, అనుమానముంటే నాలుగేళ్ల దాకా గమనించాలని యూరప్ ఎండోడాంటిక్ సంఘం, అంటే రూట్ కెనాల్ వైద్యుల సంఘం, చెబుతోంది. ఆ నీడకి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులేసే పద్ధతి 1986 నుంచీ ఉంది. ఒకే ఎక్స్‌రేకి ఇద్దరు డాక్టర్లు వేర్వేరు మార్కులేయొచ్చు. ఏఐ అలసిపోకుండా ఒకే కొలతతో చూస్తుంది, ఫిల్లింగు వేరు కొసకి ఎన్ని మిల్లీమీటర్ల ముందు ఆగిందో లెక్క కడుతుంది. అది మంచి సాయమే. కానీ పోల్చడానికి పాత ఫొటో ఉండొద్దూ?

ఓడ వెల్డింగు ఫిల్ము మీద జాయింటు నంబరు, తేదీ ఉండేవి. చదివినవాడి సంతకం రిపోర్టులో ఉండేది. ఫిల్ము ఏళ్ల తరబడి బీరువాలో ఉండేది. మనిషి పంటికి ఆపాటి జాగ్రత్త అక్కర్లేదా? వైద్యానికి ముందు తీసినది, అయిపోయాక తీసినది, ఏడాదికి తీసినది, మూడూ రోగి ఫోన్‌కో పెన్‌డ్రైవ్‌కో ఇవ్వాలని నగరంలోని దంతవైద్యులందరినీ కోరుతున్నాను. ఏఐ వాడితే అది ఏం గుర్తుపెట్టిందో, డాక్టరు ఏది ఒప్పుకున్నారో, ఏది కొట్టేశారో రాసి సంతకం పెట్టాలి. రేపు తేడా వస్తే జవాబు చెప్పాల్సింది మనిషే.

మన జిల్లాలో దంతవైద్య కళాశాలలున్నాయి, రోజూ ఎందరో వస్తారు. ఎక్కడో ఎవరి పళ్లతోనో నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ మన ఎక్స్‌రే మిషన్ల మీద, మన దవడల మీద ఎంత సరిగ్గా చెబుతోందో వాళ్లే పరీక్షించి, తప్పులతో సహా పత్రికల్లో ప్రకటించాలి.

నా పంటికి నాలుగో కాలువ శుభ్రం చేసి మళ్లీ ఫిల్లింగు పెట్టారు. ఈసారి ఫొటోలన్నీ నా దగ్గరే ఉన్నాయి. వచ్చే సంక్రాంతికి ఏడాది నిండుతుంది. అప్పుడు తీసే ఎక్స్‌రేని వీటి పక్కన పెట్టి చూడాలి.

ఇట్లు,
వెల్డింగ్ రేడియోగ్రఫీ విభాగ విశ్రాంత ఉద్యోగి,
మల్కాపురం, విశాఖపట్నం